ఊపిరి గారు

మా పిన్ని గొంతు ఇప్పుడు మెడ లోపల లేదు, మెడ పైన ఉంది. రెండు వేళ్ళ వెడల్పున్న బూడిదరంగు పట్టీ అది. లోపలి గొంతును విశాఖపట్నంలో డాక్టర్లు తీసేశారు. తీయకపోతే అందులోని గడ్డ పిన్నినే తీసుకుపోయేదట. ఆపరేషన్ తర్వాత పిన్ని ముక్కుతో ఊపిరి పీల్చుకోదు. మెడ కింద రూపాయి బిళ్ళంత రంధ్రం ఉంటుంది, దాని గుండానే పీలుస్తుంది.

ఇంకెవరికైనా గొంతు పోవడం వేరు, మా భూలక్ష్మి పిన్నికి పోవడం వేరు. ఆమె బతుకే గొంతు. స్టాండప్ కామెడీ చేస్తుంది. వేదిక మీద మైకు పట్టుకుని ఒక్కతే నిలబడి, పాటా లేదు, వేషమూ లేదు, గంటసేపు మాట్లాడి జనాన్ని నవ్విస్తుంది. మాది గోదావరి మధ్యలో ఉన్న లంక. ఏరు దాటించే పంటు ఎక్కితే తప్ప ఎక్కడికీ వెళ్ళలేం. అక్కడి తీర్థంలో తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పడానికి పిన్నిని కూర్చోబెట్టారట. "తప్పిపోయిన బాబు గారు ఇక్కడ మా జీళ్ళన్నీ తినేత్తన్నారండి. తల్లిదండ్రులు గారు తొందరగా వచ్చి మమ్మల్ని కాపాడాల్సిందిగా కోరుతున్నామండి, ఆయ్" అందట. తీర్థమంతా నవ్వింది. అలా మొదలైన పిన్ని రాజమండ్రి, కాకినాడ, హైదరాబాదు దాకా వెళ్ళింది.

ఆమె చెప్పేవన్నీ మా ఇంటి సంగతులే. "మొన్న మా వంటింట్లోకి నాగుపాము గారు వేంచేశారండి. ఆయ్. వచ్చినాయన్ని పొమ్మనలేం కదండీ? మరేనండి, నేనే బయటికెళ్ళి కూర్చున్నాను." వరదల గురించి ఇలా చెప్పేది: "గోదారి గారు ఏటా మా ఇంటికి చుట్టపుచూపుగా వత్తారండి. వచ్చినావిడ గుమ్మంలో ఆగచ్చు కదా? తిన్నగా వంటింట్లోకే. ఎల్లేటప్పుడు మా బిందె కూడా పట్టుకెళ్ళిపోయారండి." పెళ్ళిచూపుల కథ అందరికీ ఇష్టం: "అబ్బాయి గారి అమ్మగారు నా నడక చూత్తానన్నారండి. నడిచానండి. ఇప్పటిదాకా ఆగలేదు."

ఇవన్నీ ఆమె గట్టిగా చెప్పదు. చుట్టాలకు మంచినీళ్ళిస్తూ చెప్పినట్టు చెబుతుంది. చివరి మాట దగ్గర గొంతు తగ్గిస్తుంది. జనం వినడానికి ముందుకు వంగుతారు, వంగి నవ్వుతారు.

పట్టీని తయారుచేసింది డాక్టర్ ఫర్హానా గారు. కడప ఆవిడ, విశాఖలో ఒక పరిశోధనశాల నడుపుతున్నారు. మనం మాట్లాడాలనుకున్నప్పుడు మెదడు నుంచి నాలుకకూ దవడకూ చిన్న మెరుపులు వెళ్తాయట. పట్టీ ఆ మెరుపులను చదివి మాటలు చేస్తుంది. పిన్ని పాత ప్రదర్శనల రికార్డింగులన్నీ దానికి వినిపించి ఆమె గొంతు నేర్పించారు.

మొదటిసారి పట్టీ కట్టిన రోజున అమ్మా నేనూ పక్కనే ఉన్నాం. పిన్ని పెదవులు కదిలాయి. ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత మెడ దగ్గర్నుంచి పిన్ని గొంతే, అచ్చంగా అదే, వచ్చింది.

"ఆయ్, పోయిన గొంతు గారు తిరిగొచ్చారండి. కాఫీ ఏవన్నా ఇత్తారా?"

పరిశోధనశాలలో అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. మా అమ్మ సత్యవేణి మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బయల్దేరేటప్పుడు ఫర్హానా గారు ఒక మాట చెప్పారు. "రెండు నెలల లోపల ఏ మార్పయినా చేయగలను. ఆ పైన కండరాలు ఈ పట్టీకే అలవాటు పడిపోతాయి. అప్పుడు మార్చినామంటే మాట ముద్దముద్దగా వస్తుంది. బాగా ఆలోచించుకోండమ్మా."

ఆలోచించడానికి ఏముందిలే అనుకున్నాం.

పిన్ని ఇంటికొచ్చిందని తెలిసి చుట్టాలు పంటు దిగి వరసగా రావడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటినిండా జనం. చేపల పులుసు వండారు. పిన్ని మధ్యలో కూర్చుని అందరికీ ఆస్పత్రి కథలు చెబుతోంది. మా కోట మావయ్య నవ్వలేక పొట్ట పట్టుకుని, "భూలచ్చీ, ఆపవే తల్లీ, పులుసు ముక్కులోకి పోతంది" అంటున్నాడు.

అప్పుడు పిన్ని చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది.

"అయ్యబాబోయ్. ఊపిరి గారు అలిగారండి."

అందరూ పెద్దగా నవ్వారు. నేను కూడా నవ్వాను. నలుగురిలో నవ్వాలంటే నాకు సిగ్గు, అందుకని చున్నీలో మొహం దాచుకుని నవ్వాను.

"ఎంత పిలిచినా రానంటన్నారండి, ఊపిరి గారు."

"పెళ్ళివారిని పిలిచినట్టు బొట్టు పెట్టి పిలవ్వే!" అన్నాడు మావయ్య. మళ్ళీ నవ్వులు.

"కాస్త ఎవరైనా… ఆయన్ని… బతిమాలండి…"

నేను చున్నీ తీసి చూశాను. పిన్ని గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. అరవాలనుకున్నాను, నోరు పెగల్లేదు. ఎదురుగా వడ్డిస్తున్న అమ్మ చేతిలోని గరిటెను లాగేసి పిన్ని వైపు చూపించాను. అమ్మ అప్పటికీ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు మొహంతోనే అటు తిరిగి, గరిటె ఊసే మరిచిపోయి ఒక్క దూకు దూకింది. మెడ దగ్గరి రంధ్రంలో కఫం ఎండి అడ్డం పడి ఉంది. నర్సు నేర్పినట్టు సెలైన్ నీళ్ళు చుక్కలు వేసి, మెత్తబరిచి, పట్టుకారుతో లాగేసింది. పిన్ని ఈలలాంటి చప్పుడుతో ఊపిరి పీల్చుకుంది.

పులుసన్నం విస్తళ్ళలో అలాగే ఉండిపోయింది. కోట మావయ్య చెయ్యి కడుక్కోకుండానే పంటు ఆపడానికి రేవుకు పరుగెత్తాడు.

ఏటి అవతలి ఆస్పత్రిలో అంతా బాగానే ఉందన్నారు. అక్కణ్ణుంచి అమ్మ మమ్మల్ని తిన్నగా విశాఖపట్నం బస్సెక్కించింది.

"మీ మిషను మా చెల్లి చావుని కూడా ఎటకారం చేసేసిందండీ!" అంది ఫర్హానా గారితో, కుర్చీలో కూర్చోకుండానే. "ఊపిరాడక చచ్చిపోతంటే ఊపిరి గారు అందండి. మేమందరం నవ్వాం. దాని అక్కనయ్యుండి నేను కూడా నవ్వాను."

ఫర్హానా గారు కుర్చీలోంచి లేచారు. "నా తప్పే అయ్యుంటుందమ్మా. స్టేజి మీది మాటలే నేర్పించినా దానికి. అందుకే ఏ మాటొచ్చినా దానికి గారు తగిలిస్తున్నట్టుంది." పట్టీ తీసుకుని తెరకు కలిపారు. ఆ రోజు పిన్ని కండరాల్లో పుట్టిన మెరుపులన్నీ వరసగా గీతలై కనిపించాయి. ఆవిడ ఒక్కో గీత మీదా వేలు పెట్టి చూశారు. తర్వాత చిన్నగా అన్నారు.

"పట్టీ ఏమీ కలపలేదు. ఇదో ఊపిరి, ఇదో గారు. భూలక్ష్మీ, నీ నాలుకే ఆ మాట అనింది."

పట్టీ తిరిగి కట్టుకున్న పిన్ని తలవంచుకుంది. "ఆయ్. నేనే అన్నానండి."

"ఎందుకే?" అంది అమ్మ.

"ఏమోనే. అలాగే వత్తది."

ఫర్హానా గారికి పట్టుదల వచ్చింది. పిన్ని మాటలో నవ్వు ఎక్కడుందో తెలిస్తే అంతవరకే తీసేయొచ్చు, మిగతాది ఉంచొచ్చు అన్నారు. మర్నాడు ఒక గదిలో పదిమందిని కూర్చోబెట్టి, నవ్వితే కొలిచే తీగలు వాళ్ళ బుగ్గలకు అంటించి, పిన్ని పాము కథ రికార్డింగు వినిపించారు. చివర్లో గొంతు తగ్గడం తీసేసి వినిపిస్తే నవ్వారు. మధ్యలో ఆగడం తీసేసినా నవ్వారు, కొంచెం తక్కువగా. "గారు" తీసేసి వినిపించారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరి కుర్చీలో పెద్దాయన "పాపం, కరిచిందా?" అని అడిగారు.

"దొరికింది!" అన్నారు ఫర్హానా గారు. అది సరేనా కాదా చూడటానికి తన దగ్గర పనిచేసే కుర్రాడు కిశోర్‌ను నిలబెట్టి అన్నిటికీ గారు చేర్చి మాట్లాడమన్నారు. అతను గొంతు సవరించుకుని, "నమస్కారం. ఈ రోజు నేను బస్సు గారు ఎక్కి, కుర్చీ గారిలో కూర్చుని, టిఫిన్ గారిని తిన్నాను" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. కిశోర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అదే మాట కదా! ఆమె అంటే నవ్వు, నువ్వంటే లేదు. ఏంది తేడా?" అని ఫర్హానా గారు తల పట్టుకున్నారు.

పిన్ని కిశోర్ వైపు జాలిగా చూసింది. "కుర్చీ అంటే నీకు భయమా బాబూ?"

"లేదండి."

"మరి దేనికంటే భయం?"

అతను నసిగాడు. ఒకసారి ఫర్హానా గారి వైపు చూసి, ఆవిడ వినకూడదన్నట్టు మెల్లగా అన్నాడు. "బొద్దింకండి."

"అయితే అను."

"బొద్దింక గారు… నిన్న నా దిండు మీద పడుకున్నారండి. నేను లేపలేదు."

బుగ్గలకు తీగలున్న పదిమందీ ఒక్కసారి నవ్వారు. ఫర్హానా గారు కూడా నవ్వి, నవ్వు మధ్యలోనే ఆగిపోయారు. పిన్ని వైపు తిరిగారు.

"అంటే నువ్వు గారు పెట్టిన ప్రతిదీ…"

"ఆయ్."

"పాము, వరద, పెళ్ళివారు…"

"భయం లేనిదానికి గారు అతకదండి. వాళ్ళకీ పామంటే భయమే కదా. నేను పాముకి మంచినీళ్ళివ్వబోతంటే వాళ్ళ భయానికి కూడా కాస్త నవ్వొత్తది. అంతే. నా దగ్గర ఇంకే కిటుకూ లేదు."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్ళుగా చెల్లెలు చెప్పిన కథలన్నీ ఒక్కొక్కటే తలచుకుంటున్నట్టు ఆమె పెదవులు కదులుతున్నాయి. పెద్ద వరదొచ్చిన ఏడాది పిన్ని ఒక్కతే ఇంట్లో ఉండిపోయింది. ఆ కథకు అందరికంటే ఎక్కువ నవ్వేది అమ్మే.

"తీసేయండి మేడం," అంది అమ్మ. "ఆ మాట తీసేయండి. అది నవ్వించక్కర్లేదు. నాకు మా చెల్లి బతికుంటే చాలు."

ఫర్హానా గారు పిన్నిని అడిగారు. ఊపిరి తగ్గితే మోగే గంట ఎలాగూ పెడతాననీ, కానీ నొప్పికీ భయానికీ గంట పెట్టలేననీ చెప్పారు. పిన్ని అమ్మ మొహం చూసి, సరేనంది. ముందు తాత్కాలికంగా మార్చి, ఇంటికి పంపి చూద్దాం అనుకున్నారు.

కొత్తగా మార్చిన పట్టీ "గారు"ను మింగేసేది, ఆ మంచినీళ్ళిచ్చే రాగాన్ని కూడా సాపు చేసేది. గొంతు పిన్నిదే. మాట మాత్రం బల్ల మీద పెట్టిన గిన్నెలా ఉండేది. పట్టీ కట్టగానే పిన్ని అమ్మ చెయ్యి పట్టుకుని అన్న మొదటి మాట, "అక్కా, నాకు భయంగా ఉంది."

ఆ మాట పిన్ని నోట మేమెప్పుడూ వినలేదు. అమ్మ ఆమెను గట్టిగా పట్టుకుంది. "నేనున్నానే. నేనున్నాను" అంటూనే ఉంది. ఇది చాలు, ఇదే ఉంచేయాలి అని నాకూ అనిపించింది.

ఇంటికి వచ్చాక మొదట్లో అంతా బాగానే ఉంది. పిన్ని "మెడ నొప్పిగా ఉంది" అంటే వెంటనే మందిచ్చేవాళ్ళం. "నిద్ర పట్టడం లేదు" అంటే అమ్మ పక్కన పడుకునేది. ప్రతి మాటా నమ్మేవాళ్ళం. కానీ చుట్టాలు వచ్చి ఎంతోసేపు కూర్చోలేకపోయేవారు. ఎలా ఉన్నావని అడిగితే పిన్ని ఎలా ఉందో చెప్పేది. విన్నవాళ్ళకు ఏం అనాలో తెలిసేది కాదు. కాఫీ చల్లారకముందే లేచి, "పంటు టైమైపోద్ది" అనేవారు. కోట మావయ్య గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్ళిపోయేవాడు.

పిన్ని మాట్లాడటం తగ్గించింది. తిండి కూడా తగ్గించింది. గోడ వైపు తిరిగి పడుకునేది.

ఒక రోజు పొద్దున అమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. నేను పక్కన కూర్చుని రాళ్ళు తీస్తున్నాను. పిన్ని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అక్కా. నేను అన్నప్పుడు నాకు బాగుండేది."

"ఏమన్నప్పుడు?"

"అన్నప్పుడు."

"అదే, ఏమని?"

పిన్ని పెదవులు మళ్ళీ కదిలాయి. పట్టీ ఆ మాటను మళ్ళీ మింగేసింది. "అన్నప్పుడు," అంది మెడ. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎక్కడో ఆడుతున్న పిల్లలు అరుస్తున్నారు, వాళ్ళ మాటలన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి. పిన్ని విసుగ్గా పట్టీ ఊడదీసి పక్కన పడేసింది. చేటలో బియ్యాన్ని అరచేత్తో సదును చేసి, వేలితో రాసింది.

గారు.

అమ్మ చూసింది, నేనూ చూశాను. పిన్ని ఆ మాటను చెరిపేసి, ఇంకాస్త చిన్న అక్షరాలతో మళ్ళీ రాసింది. బియ్యంలో అక్షరాలు నిలవవు కదా, ఒక్కో ముక్కే రాసి చెరుపుతూ వచ్చింది. నేను పైకి చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"గారు అంటే… గుమ్మంలో కూర్చునేది… భయం. ఇప్పుడు… మంచం మీదకొచ్చి… కూర్చుంటంది."

అమ్మ చేట కింద పెట్టింది. మర్యాద చేసి దూరంగా కూర్చోబెట్టడం మా వాళ్ళందరికీ తెలిసిన విద్యే. ఇష్టం లేని చుట్టానికి అమ్మ కూడా "తమరు దయచేయండి" అని పీట వేసేది, లోపలికి మాత్రం రానిచ్చేది కాదు.

"మరి నువ్వు గారు అంటే నేను నవ్వేత్తాను కదే," అంది చివరికి. "నవ్వితే నీ మాట ఎలా తెలుత్తాది నాకు?"

పిన్ని బియ్యంలో వేలితో సున్నాలు చుట్టసాగింది.

అమ్మే మళ్ళీ మాట్లాడింది. "సరే, అనుకో. గారెలు వండినట్టు ఎన్ని గార్లు కావాలంటే అన్ని అనుకో. నువ్వు ఒక్క గారు అన్నావంటే ముందు నేను లేచొచ్చి నీ మెడ చూత్తాను, గోళ్ళు చూత్తాను. ఏమీ లేదని తేలాక అప్పుడు కూర్చుని తీరుబడిగా నవ్వుతాను. ఆలీసమైనా నవ్వు నవ్వే కదా? చచ్చిపోదు కదా?" నా వైపు తిరిగింది. "నువ్వు కూడానే హైమా. ఆ చున్నీ మొహం మీదకి లాక్కున్నావంటే ఊరుకోను."

రెండు నెలలు పూర్తికాకముందే వెళ్ళి, ఊపిరి గంట ఉంచి, మాట మాత్రం పాత పద్ధతికే మార్పించేశాం. ఫర్హానా గారు మూడుసార్లు అడిగారు, ఇక మళ్ళీ మార్చలేను, నిజమేనా అని. అమ్మే జవాబిచ్చింది. "మిషను మారక్కర్లేదండి. మేం మారతాం." ఆవిడ తన పని చేసి ఇచ్చారు. కిశోర్ గుమ్మం దాకా వచ్చి, బొద్దింక గారు ఇప్పుడు కుటుంబంతో సహా దిగారని పిన్నికి చెప్పాడు.

ఇంట్లో మారడం చెప్పినంత తేలిక కాలేదు. "ఎండ గారు మండిపోతన్నారు" అన్నా అమ్మ పరుగెత్తుకొచ్చేది. పిన్ని విసుక్కునేది. ఒకసారి నిజంగానే జ్వరం గారు వచ్చారు, అమ్మ వెంటనే పట్టుకుంది. ఆ రోజు నుంచి పిన్ని విసుక్కోవడం మానేసింది. కోట మావయ్య కూడా నేర్చుకున్నాడు. పిన్ని కథ చెబుతుంటే ముందు అమ్మ వైపు చూసేవాడు. అమ్మ తల ఊపితే అప్పుడు నవ్వేవాడు.

కాకినాడలో పిన్ని మళ్ళీ వేదిక ఎక్కిన సాయంత్రం హాలు నిండిపోయింది. అమ్మా నేనూ ముందు వరసలో కూర్చున్నాం. అమ్మ సంచిలో సెలైన్ సీసా, పట్టుకారు, తువ్వాలు ఉన్నాయి. పిన్ని మెడ మీది పట్టీని దాచుకోలేదు. మైకు దాని దగ్గర పెట్టి మొదలుపెట్టింది.

"గొంతులో గడ్డ గారు దిగారండి. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. డాక్టరు గారు ఖాళీ చేయించారు గానీ, ఎల్తా ఎల్తా ఆ గడ్డ గారు ఇల్లు కూడా పట్టుకెళ్ళిపోయారండి."

హాలు నవ్వింది. మొదట జాగ్రత్తగా, నవ్వొచ్చో లేదో అన్నట్టు నవ్వారు. తర్వాత మామూలుగా నవ్వారు. నా వెనక కూర్చున్న ఒకావిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ తలకు గుడ్డ కట్టుకుని ఉంది.

"ఇప్పుడు ఊపిరి గారు కిటికీలోంచి వత్తన్నారండి. పెద్ద మనిషి కదా, అప్పుడప్పుడు అలుగుతారు…"

అమ్మ లేచి నిలబడింది.

"కూకోవే అక్కా," అంది పిన్ని. "ఇది కథేనే."

అమ్మ కూర్చోలేదు. సంచి పట్టుకుని పక్క మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళింది. హాలంతా ఇది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొడుతోంది. అమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. పిన్ని గడ్డం పైకెత్తి మెడ చూసింది. రెండు చేతులూ దీపం కిందికి లాగి ఒక్కో గోరూ చూసింది. పిన్ని చంటిపిల్లలా చేతులు చాపి నిలబడింది.

"మా అక్కండి," అంది జనంతో. "సత్తివేణి. లోకంలో అన్నిటికీ గారు పెట్టానండి. పాముకి పెట్టాను, గోదారికి పెట్టాను, గడ్డకీ పెట్టాను. ఈవిడికి మాత్రం…" కాస్త ఆగింది. గొంతు తగ్గించింది. "ఒక్కరోజు కూడా పెట్టలేదండి."

హాలు మెత్తబడిపోయింది. ఎవరూ నవ్వలేదు.

అమ్మ పిన్ని చేతులు వదిలేసి, "నాకు పెట్టకే ఇలా తయారయ్యావు" అంది. మైకు దగ్గరగా ఉందని ఆమెకు తెలియదు.

ఆ మాటకు హాలు విరగబడి నవ్వింది. ఆ సాయంత్రం పిన్ని మాటల్లో దేనికీ అంత నవ్వు రాలేదు. పిన్ని మైకు వదిలేసి వంగి పొట్ట పట్టుకుంది. అమ్మ బెదిరిపోయి నా వైపు చూసింది, ఎవరికేమైందని. ఏమీ కాలేదని తల అడ్డంగా ఊపాను. ఆమె నమ్మలేదు. వీళ్ళందరిలో ఎవరికి ఊపిరాడటం లేదోనని, ముందు వరసలో నవ్వుతున్న ఒక్కొక్కరి మొహమూ పరీక్షగా చూసుకుంటూ, సంచి గుండెలకు హత్తుకుని మెట్లు దిగింది.